చెంచా పరీక్షలో పాసైన చెన్నయ్య ఎడమచెయ్యి

వికారాబాద్‌లో పక్షవాత రోగుల పరీక్షా క్యాంపు నడిపిన అధికారి గారి సముఖమునకు, తాండూరులో పంక్చర్ల దుకాణం చాంద్‌పాషా రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: చెన్నయ్య తన తిండి తాను తినగలడని తమరు తేల్చినదానిని మళ్లీ తేల్చుట గురించి.

తమకు మనవి చేయునదేమనగా, తమ క్యాంపులో ఫ్యాన్లు తిరిగినవి, బ్యానరు వంకర లేకుండా కట్టబడినది, తమ చాయ్‌లో ఈగ పడలేదు. ఇంతటితో క్యాంపు ఘనత సమాప్తము. ఇక మనవులు:

1. నా దోస్తు చెన్నయ్య బండల పాలిష్ పనివాడు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయినది. తమరు తలెత్తకుండానే అడిగితిరి:

"నీ అంతట నువ్వే తింటవా?"

"తింట సార్."

"స్నానం?"

"నేనే చేస్త."

పక్కనున్న భార్య చంద్రవ్వ ఆగలేక, "గట్ల చెప్తవేందయ్యా? నేను పెడితేనే కద తినుడు!" అన్నది.

"నువ్వు ఊకో! నలుగురి ముందట ఇజ్జత్ తీస్తవా?" అని అతడు గుడ్లురిమినాడు. తమరు ఆ ఇజ్జత్‌కే మార్కులు వేసితిరి.

2. పిమ్మట చెంచా ఇచ్చితిరి. ఎడమచేత్తో ఎత్తినాడు. "స్వయముగా తినగలడు" అని రాసితిరి. అయ్యా, ఆ ఇంట్లో చెంచా మందుసీసాకు తప్ప దేనికీ వాడరు. తినేది జొన్నరొట్టె. కడుక్కునే చేత్తో దాన్ని చెన్నయ్య ముట్టడు. చంద్రవ్వ కందిచేనుకు కూలికి పోతే, ఆమె తిరిగొచ్చేదాకా పళ్లెం అట్లనే ఉంటుంది. తమ భాషలో దీని పేరు స్వావలంబన. మా భాషలో ఉపాసం.

3. తమ రాత చూసి, ఇంటికొచ్చి చేతికి వ్యాయామం చేయించే రెబెక్క మేడమ్‌ను పైవారు ఆపేసినారు. అప్పుడప్పుడే రెండు వేళ్లు కదలబట్టినవి. ఇప్పుడవి మళ్లీ బిగుసుకుంటున్నవి. ఆ చెయ్యి ఇక పోయినట్టేనా?

కావున తమరు మధ్యాహ్నం తిండి వేళకు ముందుగా నా దుకాణానికి దయచేసి, కుడిచెయ్యిని తువాలుతో నడుముకు కట్టుకుని, కింద బండ మీద కూర్చుని ఒక్క రొట్టె తుంచి చూపవలెను. అటుపై ఆ ఎడమచేత్తోనే లుంగీ ముడి. జారితే మేము కళ్లు మూసుకుంటాము, మార్కులు మాత్రం కోస్తాము. ఆ తరువాత చెన్నయ్యను ఇంటి దగ్గరే పరీక్షించి, రెబెక్క మేడమ్‌ను తిరిగి పంపవలెను. ఈ అర్జీ చెన్నయ్య కోరగా, అతని ఎదుటనే రాయబడినదని చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఇప్పటికైతే కుడిచేత్తోనే తింటున్నవాడు,
చాంద్‌పాషా

మరొక్క మాట: చెన్నయ్య కోరినాడనుట పచ్చి కల్పన. అతనికేమీ తెలియదు. తెలిస్తే "నాకేమైందిర, చాందు?" అని తంతాడు, కాళ్లు బాగనే ఉన్నవి. అందుకని అర్జీ ఊసెత్తకండి. దూపైతున్నదని నీళ్ల కోసం వచ్చినట్టు అతనింటికి రండి. ఏమీ అడగకండి. కూర్చుని చూడండి.