ఒంటెద్దోళ్ల ఇంటి వీలునామా

తొండుపల్లి నివాసి మల్లేశ్వర్ కొడుకు గోవర్ధన్ అనే నేను, వయసు ఇరవై ఏడు, వృత్తి ఎయిర్‌పోర్టు క్యాబ్ నడపడం, చదువు తొమ్మిదో తరగతి సగం వరకు, ఈ కాగితం నా చేత్తో నేనే రాస్తున్నాను. తాగి లేను. మీద నిలబడి ఎవరూ రాయించడం లేదు. బుద్ధి స్థిరంగానే ఉంది. చెడిపోయింది గుండెలో ఒక కవాటం మాత్రమే. దాన్ని సోమవారం దవాఖానలో బాగు చేస్తారట. బతికి వస్తాననే నా నమ్మకం. అయినా లాంగ్ ట్రిప్‌కు పోయేటోడు స్టెప్నీ చూసుకోకుండా పోడు కదా.

1. ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. దీన్ని అమలు చేసే బాధ్యత నా చెల్లె శిరీషది. ఇంట్లో కాగితం చదివి అర్థం చేసుకునేది, బాపుకు భయపడనిది తనొక్కతే.

2. నా తెల్ల కారు శిరీషకు చెందాలి. ఆమెకు నడపడం వచ్చు, లైసెన్సు కూడా ఉంది. బాపూ, ఈ సంగతి నీకు ఇప్పుడే తెలుస్తున్నది. కోపం చేయకు. ఔటర్ రింగు రోడ్డు మీద నాకంటే నెమ్మదిగా పోతుంది.

3. నా జాకీ, వీల్ స్పానర్ నా దోస్తు జగన్‌కు. ఎట్లాగూ రెండేళ్లుగా అతని డిక్కీలోనే ఉన్నాయి. అడిగినప్పుడల్లా "రేపు తెస్త అన్నా" అన్నాడు. ఇగ తేనవసరం లేదు.

4. మా అమ్మ శివమ్మకు ఒక విమాన ప్రయాణం, కిటికీ పక్క సీటు, తిరుపతికి. మా చెల్క పొలం పోయి రన్‌వే అయింది. తను కలుపు తీసిన నేల మీద నుంచి లోకమంతా లేచిపోతుంటే అమ్మ దాబా మీద వడియాలు పెట్టుకుంటూ చూస్తున్నది. ఒక్కసారి తనూ అక్కడి నుంచి లేవాలి. బతికొస్తే నేనే తీసుకుపోతాను. లేకపోతే శిరీష తీసుకుపోవాలి. "నాకెందుకు బిడ్డా, కండ్లు తిరుగుతయి" అంటుంది. వినకూడదు.

5. ఈ క్లాజులో ఆస్తి లేదు. కానీ దీని కోసమే మిగతావన్నీ రాస్తున్నాను.

ఏరువాక పున్నమికి ఊళ్లో అందరూ మట్టితో జోడెద్దులు చేసి పూజిస్తారు. మా ఇంట్లో మాత్రం ఒక్క ఎద్దునే చేస్తారు. అందుకే మమ్మల్ని ఒంటెద్దోళ్లు అంటారు. కారణం చిన్నప్పటి నుంచీ వింటున్నదే. మా తాతకు తాత అనంతయ్య. ఆయన అన్న పెంటయ్య పెద్ద కరువులో జోడీలోని ఒక ఎద్దును తోలుకుని పోయి మళ్లీ రాలేదు. మిగిలిన ఒక్క ఎద్దుతో దున్నలేక అనంతయ్య పట్వారీ ఇంట్లో జీతానికి, అంటే వెట్టిలాంటి చాకిరీకి, కుదిరాడు. తర్వాత ఆయన కొడుకూ ఆ ఇంట్లోనే జీతం చేశాడు. మా బాపుకు పెంటయ్య అంటే దొంగ. "సొంత తమ్ముని నోట్ల మన్ను కొట్టిండు" అంటాడు, నిన్నగాక మొన్న జరిగినట్టు.

పోయిన వానాకాలం దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి కళ్యాణి అనే పెద్దావిడ దిగింది. అక్కడ నర్సుగా పనిచేసి రిటైరైంది. వాళ్ల పూర్వీకుడొకాయన ఈ చుట్టుపక్కల ఏదో ఊరి నుంచి పోయాడట. ఊరి పేరు తెలియదు, మనిషి పేరూ తెలియదు. ఇంట్లో అందరూ "ముసలి బాపు" అనే పిలిచేవారట. అడ్రసు లేని కిరాయి అని డ్రైవర్లందరూ వద్దన్నారు. ఒక్కచోట కూర్చోలేని నేను సరేనన్నాను. ఊరూరా తిరిగాం, ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు. వాపసు వస్తూ ఆరాంఘర్ చౌరస్తా ట్రాఫిక్ జామ్‌లో ఇరుక్కున్నప్పుడు ఆమె తన ముక్కల తెలుగులో చెప్పింది. "మా ఇంట్ల ఏడాదికి ఒకసారి మట్టి ఎద్దు చేస్తం. ఒక్కటే. ఎందుకో తెల్వదు." నా కాలు బ్రేకు మీదే ఉండిపోయింది. వెనక లారీవాడు తిట్టిన తిట్లు ఈ కాగితంలో రాయలేను.

ఆమెను నేరుగా మా ఇంటికి తీసుకొచ్చాను. మా నాయనమ్మ లింగమ్మ ఏమీ అడగకుండా మట్టి తడిపి చేతిలో పెట్టింది. కళ్యాణమ్మ ఎద్దును చేసింది. కాళ్లు మడిచి, తల నేలకు ఆనించి.

"గిదేంది, పండుకున్నది?" అని నాయనమ్మ.

వాళ్లింట్లో ఎప్పుడూ అట్లనే చేస్తారట. ముసలి బాపు కరువులో ఎద్దును అమ్మి గింజలు తెద్దామని సంతకు బయలుదేరాడు. మేత లేని ఎద్దు దారిలోనే కూలబడి చచ్చిపోయింది. ఎద్దూ లేక, గింజలూ లేక ఇంటికి పోవడానికి ముఖం చెల్లలేదు. పని ఇప్పిస్తానని ఒక మేస్త్రీ మద్రాసు తీసుకుపోయి ఐదేళ్ల ఒప్పందం మీద వేలిముద్ర వేయించాడు. ఆ ఒప్పందాన్ని గిరిమిట్ అంటారు. ఓడ దిగితే చెరుకు తోటలు. చెప్పకుండా గడప దాటడానికి లేదు, కొట్టినా అడిగేవాడు లేడు. అట్లా వేలమందిని తీసుకుపోయారు.

నాయనమ్మ ఆ ఎద్దు వీపు నిమిరి, "మనిషి సిగ్గుతోని పోయిండు గని దొంగతనంతోని పోలే" అంది.

"దొంగ దొంగనే" అని బాపు లేచి పోయాడు. ఆ ఎద్దు తన ఇంట్లో ఉండకూడదన్నాడు. అప్పటి నుంచి అది నా కారు డాష్‌బోర్డు మీద ఉంది.

బాపూ, ఒక్క మాట విను. అన్నదమ్ములు ఇద్దరూ జీతమే చేశారు. తమ్ముడు పట్వారీ గడపలో, అన్న సముద్రం అవతల. ఎవరి జీతం ఎవరికీ కనబడలేదు, అంతే.

6. నా పాత ఫోనూ, అందులోని రికార్డింగులూ శిరీషకు. కళ్యాణమ్మ పోయాక నేను ఆగలేకపోయాను. చుట్టుపక్కల ఊళ్లలో ముసలోళ్ల దగ్గర కూర్చుని, కరువుకు పోయి తిరిగిరాని వాళ్ల కథలు రికార్డు చేశాను. "సచ్చినోళ్లను ఎక్కించుకుంటే కిరాయి ఎవడిస్తడురా?" అని అమ్మ తిట్టింది. బుద్వేల్‌లో చరిత్ర పాఠాలు చెప్పే మాధవీలత మేడం ఓపికగా విని, "ఎద్దు ఆనవాలే గానీ రుజువు కాదు బాబూ, పేరు దొరకాలి" అన్నారు. నిజమే. అవతల కళ్యాణమ్మ వెతుకుతున్నది. ఇవతల శిరీష వెతకాలి. పెంటయ్య అని తేలితే మంచిది. ఇంకెవరో అని తేలినా, ఆయన కూడా ఎవరో తమ్ముడికి అన్నే కదా. వాళ్లకు కబురు చేయాలి.

7. పండుకున్న ఎద్దు మా బాపు మల్లేశ్వర్‌కు చెందాలి. షరతు ఒక్కటే. ఈ ఏరువాకకు నేను దవాఖానలో ఉంటాను. ఆ రోజు ఇంటి ఎద్దు పక్కన దీన్ని కూడా పెట్టి బొట్టు పెట్టాలి. తీసుకోను అంటే బలవంతం లేదు. శిరీష దాచిపెట్టి మళ్లీ ఏడాది అడగాలి, ఆ పై ఏడాదీ అడగాలి.

8. నాయనమ్మకు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎయిర్‌పోర్టు గోడ పక్కన కాలువ తవ్విన చోట మన నల్లమట్టే తేలింది. ఒక సంచి తెచ్చి నీళ్ల గోలెం వెనక పెట్టాను. "జోడి అయితెనే చేస్త, లేకుంటె ఈసారి ఒక్కటి గూడ చెయ్య" అని పంతం పట్టిందని విన్నాను. ఆ పంతం తనదే. అందులో ఎవరికీ వాటా లేదు.

9. సాక్షికి ఏదీ రాయకూడదట, సాక్షి సంతకానికి వచ్చి కూర్చున్న మాధవీలత మేడమే చెప్పారు. అందుకే చాయ్ బండి సక్కుబాయి అక్కకు ఏమీ రాయలేదు. "నా బండి కాడనే కూసొని రాస్తివి, నాకు గుండు సున్ననా?" అంటున్నది. బతికొచ్చి రోజూ చాయ్ తాగుతాను అక్కా.

చేర్పు: సంతకం పెట్టబోతుండగా బాపు బండి మీద వచ్చాడు. నేరుగా నా కారు దగ్గరికి పోయాడు. కారు తలుపు తెరిచి డాష్‌బోర్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత అన్నాడు, "ఎండకు పగుళ్లొస్తున్నయి కదరా. ఎద్దును గిట్లనేనా కట్టేసేది?" మెడలోని తువ్వాలు తీసి, నీళ్లతో తడిపి, ఎద్దును అందులో చుట్టుకున్నాడు. "ముసల్ది మట్టి ముడుతలేదు. పున్నమి దగ్గరికొచ్చె" అని కొంచెం దూరం నడిచి, మళ్లీ వెనక్కి వచ్చాడు. "ఇది ఎడమ దిక్కు ఎద్దా, కుడి దిక్కు ఎద్దా? కాడికి ఏ పక్క కట్టేటోళ్లో ఆ అమ్మను అడుగు."

డర్బన్‌కు ఫోన్ చేశాను. తెలియదట, అందరినీ అడిగి చెబుతానంది.

కాబట్టి ఏడో క్లాజును కొట్టేస్తున్నాను. అందులోని ఆస్తిని బతికుండగానే, నా కళ్ల ముందే, పుచ్చుకోవలసినవారు పుచ్చుకున్నారు. మిగతావి పైన రాసినట్టే.

తేదీ: 5 జూన్ 2025, గురువారం
స్థలం: శంషాబాద్, క్యాబ్ పార్కింగ్ పక్కన చాయ్ బండి

(సంతకం) గోవర్ధన్, తండ్రి మల్లేశ్వర్
ఏడో క్లాజు కొట్టివేత దగ్గర కూడా నా సంతకమే.

మా ఇద్దరి ఎదుటనే రాసి, సంతకం చేశాడు:
సాక్షి 1: సక్కుబాయి, చాయ్ బండి, శంషాబాద్
సాక్షి 2: మాధవీలత, అధ్యాపకురాలు, బుద్వేల్