పేరు తిరిగొచ్చిన రోజు

మద్దిలపాలెం,
విశాఖపట్నం.

ఏమండీ,

నమస్కారాలు. అత్తయ్యగారి మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది, పాప జలుబు పోయింది. ఇంట్లో అందరం కులాసా. ఆ ఉప్పుగాలిలో మీ ఒంట్లో ఎలా ఉందో రాయండి. మీ ఓడ ఎక్కబోయే మూడో ఇంజనీరు రేపు బయల్దేరుతున్నారని తెలిసి, ఈ ఉత్తరం ఆయన చేతికిస్తున్నాను. ఫోన్లో చెప్పడానికి నోరు రాని సంగతి ఒకటుంది.

మన రక్తదాతల సైట్ తెరిస్తే రమ్మీ ప్రకటనలు ఎందుకొచ్చాయని పోయిన ఉత్తరంలో అడిగారు. నాకూ అర్థం కాక, ఆ సైట్ తయారుచేసి, చనిపోయేదాకా చూసుకున్న జయంత్‌తో పాటు రుషికొండ ఐటీ కంపెనీలో పనిచేసిన యోహాన్‌ని పిలిపించాను.

"సైట్‌కేటీ కాలేదొదినా. పేరే పోయింది" అన్నాడు.

"రెండూ ఒకటి కాదా?"

"కాదు. సైట్ వేరే కంప్యూటర్లో ఉంటాది, దానికి అంకెల అడ్రసుంటాది. మనం పేరు కొడితే ఆ అంకెలేటో సెప్పేది డీఎన్ఎస్. పేరు మాత్రం గడువులోగా రెన్యూ సెయ్యాల. జయంత్ పోయాక ఎవులూ సెయ్యనేదు. పేరమ్మిన కంపెనీవోళ్లు దాన్ని యాడ్స్ పేజీకి తిప్పేసారు."

గడువు గుర్తుచేసే మెయిళ్లన్నీ జయంత్ చిరునామాకే వెళ్లాయట. ఆ చిరునామా కూడా అదే పేరు మీద ఉంది. పేరు ఆగగానే మెయిలూ ఆగింది. పాస్‌వర్డ్ మార్చుదామన్నా ఆ కబురు అక్కడికే పోతుంది. ఇంటికి తాళమేసి చెవి లోపలే వదిలేసినట్టయింది. గడువు దాటినా కొన్నాళ్లు పాతవాళ్లకే దక్కించుకునే వీలుందని, ఆ తర్వాత ఎవరైనా కొనేసుకోవచ్చని యోహాన్ తొందరపెట్టాడు.

అందుకే తగరపువలస వెళ్లి జయంత్ వాళ్లమ్మ గురువమ్మ గారిని కలిశాను. ఆవిడ వాడి ఫోన్ దేవుడి గూట్లో పెట్టుకుంది.

"సిమ్ము పంజెయ్యనేదంట. అయినా రోజూ సార్జింగ్ ఎడతన్నానమ్మా. అదీ ఆగిపోతే నాను తట్టుకోనేను" అంది.

మరణ ధ్రువీకరణ పత్రం అడగడానికి నాకు నోరు రాలేదు. యోహానే అడిగాడు. ఆవిడ తెచ్చిచ్చి, సంతకం చేసేముందు నా మొహంలోకి చూసింది.

"ఇక ఆడి పేరు తీసెత్తారేటి?"

సైట్ పేరుకి యజమానిగా ఇక నా పేరు రాయాలండీ. అవునన్నాను. సంతకం చేసింది.

కంపెనీ వాళ్లు పేరు తిరిగిచ్చారు. యోహాన్ దాన్ని మళ్లీ మన సైట్ వైపు తిప్పాడు. నా ఫోన్లో పేజీ తెరుచుకోగానే మీకు ఫోన్ చేసి "వచ్చేసిందండీ" అని అరిచాను, గుర్తుందా? అప్పుడే పక్కనుంచి యోహాన్ అంటున్నాడు: "అందరికీ ఒక్కసారే రాదొదినా. కొన్ని సర్వర్లు పాత దారే గుర్తెట్టుకుంటాయి. అవి మర్సిపోడానికి ఒకట్రెండ్రోజులు పడతాది."

మీరు ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా, బాంబే గ్రూపు రక్తం కోసం ఎవరైనా అడిగారా అని అడుగుతున్నారు. ఆ గ్రూపు వాళ్లకి ఆ గ్రూపు రక్తమే ఎక్కించాలి, మన చుట్టుపక్కల అలాంటి వాళ్లు మీతో కలిపి ఒక చేతి వేళ్లకి సరిపోరు కాబట్టి, మీరు ఊళ్లో లేనప్పుడు మీకదే బెంగ. ఎవరూ ఫోన్ చెయ్యలేదని చెబుతూ వచ్చాను. అది అబద్ధం కాదు. చెయ్యడానికి ఆయనకి నెంబరే దొరకలేదు.

ఆయన పేరు శివరామకృష్ణ, పోర్టులో క్రేన్ ఆపరేటర్. పేరు తిరిగొచ్చిందని నేను సంబరపడ్డ రోజే ఆయన భార్య శ్రీవల్లికి కాన్పయింది. ఆడపిల్ల. తర్వాత రక్తస్రావం ఆగలేదు. ఆమెది మీ గ్రూపే. బ్లడ్ బ్యాంకు వాళ్లు మన సైట్ పేరు రాసిచ్చారు. ఆయన ఫోన్లో మాత్రం ఇంకా రమ్మీ పేజీయే. ఎన్నిసార్లు కొట్టినా అదే. చివరికి వేరే ఊరి నుంచి రక్తం బయల్దేరింది గానీ, అది వచ్చేలోపే ఆమె పోయింది. మన సైట్లో నెంబరున్న అదే గ్రూపు దాత, గాజువాకలో ఉండే ఆయన, ఆ రోజంతా ఇంట్లోనే ఉన్నారండీ. పిలిస్తే అరగంటలో వచ్చేవారు.

దినకర్మలయ్యాక ఆయన మన ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. తిడతాడనుకున్నాను. గుమ్మంలోనే నిలబడి ఫోన్ చూపించాడు.

"ఇప్పుడొత్తంది సూడండి మేడమ్. ఆ పొద్దు రానేదు. అచ్చరం తప్పు కొట్టీసినానేటి?"

ఇన్నాళ్లూ తన వేళ్లే తప్పు చేశాయనుకుంటున్నాడు. కూర్చోబెట్టి, యోహాన్ నాకు చెప్పిందంతా చెప్పాను. మీరు సరిగ్గానే కొట్టారు, తప్పు మీది కాదు, ఆలస్యం మాది అన్నాను. 

"అయితే నాను సరిగ్గానే కొట్టినాను" అని మాత్రం అన్నాడు. మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు.

ఇప్పుడు పేరుకి వేరే మెయిల్ పెట్టాం, ఏళ్లకేళ్లు ముందే రెన్యూ చేయించాం. దాతల నెంబర్లు కాగితాల మీద రాసి బ్లడ్ బ్యాంకులన్నిటికీ ఇచ్చొచ్చాను. జయంత్‌ని ఏమీ అనుకోకండి. పోతానని వాడికేం తెలుసు?

ఇది చదివాక ఫోన్ చేసినప్పుడు నన్నేమీ అడగకండి. ఊరికే కాసేపు లైన్లో ఉండండి, చాలు.

ఇట్లు,
మీ రాక కోసం చూసే మీ ఇల్లాలు,
అనూరాధ