ఎర్రగుట్టలో బొగ్గు లేదు

సాంతా ప్రిస్కా ఉమ్మడి భూముల పెద్ద దోన్యా ఫిలెమోనా గారికి,
నమస్కారాలు. మీ ఎర్రగుట్టను చూశాం. మట్టంతా వానలకు కొట్టుకుపోయి, ఎముకలు తేలి ఉంది. ఏటా ఆ బురద కింద మొక్కజొన్నను ముంచుతోందనీ విన్నాం. సరిగ్గా అలాంటి గుట్టే మాకు కావాలి! గుట్ట మీద మేకల మేత ఆపితే గడ్డీ పొదలూ లేచి, గాలిలోని కర్బనాన్ని వేళ్ల దారిన మట్టిలో దాస్తాయి. మట్టి పోయిన నేల ఖాళీ కుండ లాంటిది, బోలెడు పడుతుంది. దయచేసి ఆలోచించండి.
విధేయుడు,
ఇంజనీరు తియోదులో, నేల పరిశోధన కార్యాలయం, ఒహాకా
తా.క. గుట్టను తవ్వకండి. ఉన్న కర్బనం కాస్తా గాలిలో కలిసిపోతుంది.

ఇంజనీరు గారికి,
మీ ఉత్తరం ఊరి సభలో చదివాం. "కర్బనం అంటే ఏంటమ్మా?" అని అడిగితే మా టీచరమ్మ "బొగ్గులో ఉండేది అదే" అంది. అంతే, మా ఊరి రైతు దోన్ నబోర్ టోపీ పైకి విసిరాడు. "మా తాత తోర్తియా రొట్టె కూడా లేక పస్తులున్నది బొగ్గు మీద కూర్చునా!" అని ఏడ్చాడు. తెల్లారేసరికి ఊరంతా గునపాలతో గుట్ట మీదుంది. ఇంతవరకు ఒక గాడిద దవడ, ఎడమకాలి బూటు దొరికాయి. బొగ్గు ఏ మూలనుందో కాస్త గుర్తుపెట్టి పంపండి.
మీ మేలు కోరే,
ఫిలెమోనా
తా.క. గాలిలో కలిసిపోతుందన్నారుగా, అందుకని నబోర్ గోతి మీద దుప్పటి కప్పి తవ్వుతున్నాడు.

దోన్యా ఫిలెమోనా గారూ,
ఆపండి! అక్కడ బొగ్గు లేదు. కర్బనం అన్నిట్లోనూ ఉంటుంది. తోర్తియాలో, మీలో, నాలో, మేకలో కూడా. వాన పడేలోపు గోతులు పూడ్చండి, లేకపోతే మిగిలిన గుట్ట కూడా కిందికి జారుతుంది.
కంగారుతో,
తియోదులో
తా.క. దుప్పటి వల్ల ఏ ఉపయోగమూ లేదు.

ఇంజనీరు నాయనా,
ఇదీ సభలో చదివాం. చదవకుండా ఉండాల్సింది. మేకలో కూడా ఉందన్నావు, నబోర్ ఇప్పుడు రోజూ మేక పెంటికలు చిదిమి చూస్తున్నాడు. "లేనిదాని కోసం ఒహాకా నుంచి రెండుసార్లు ఉత్తరం రాస్తారా? మన నోరు నొక్కడానికే!" అంటున్నారు. పక్క ఊరు సాన్ బ్లాస్ మనిషి ఒకడు గుట్ట పక్కన గోనెసంచితో కనిపించాడు. ఇంకేముంది, దొంగలకు దారి దొరక్కూడదని రాత్రికి రాత్రే గోతులు పూడ్చారు. చుట్టూ ముళ్లకంచె వేశారు. వంతులవారీ కాపలా. మేక గిట్టలకు బొగ్గు బయటపడుతుందని మేకల్నీ రానివ్వడం లేదు, కొట్టంలోనే మేత.
నీ శ్రేయస్సు కోరే,
ఫిలెమోనా
తా.క. బొగ్గు లేదని ఇక రాయకు. నువ్వు లేదన్నకొద్దీ ఊళ్లో ఆశ పెరుగుతోంది.

దోన్యా ఫిలెమోనా గారూ,
రెండు వానాకాలాల తర్వాత రాస్తున్నాను. మొన్న మట్టి తీసుకెళ్లడానికి వస్తే కాపలావాళ్లు నా బూట్లు విప్పించి దులిపాకే వదిలారు. గడ్డి మోకాలెత్తు ఉంది! మట్టి నల్లబడుతోంది, కర్బనం పెరిగింది. బురద మొక్కజొన్న దాకా రాలేదు. ఇక్కడ మా పెద్దసారు ఖర్చుపెట్టి నాటించిన దేవదారులు మాత్రం నిలువునా ఎండాయి. ఆయన నాతో మాట్లాడటం లేదు. కానీ మీ వాళ్లను మోసంలో ఉంచడం నా మనసు ఒప్పుకోవడం లేదు. ఆదివారం సభకు వచ్చి నిజం చెబుతాను.
మీ,
తియోదులో
తా.క. నా పార నాకి చూసిన పెద్దమనిషి ఎవరు?

నాయనా తియోదులో,
పార నాకినవాడు నబోరే. రుచి బాగుందట.
ఆదివారం రా, కానీ నోరు విప్పకు. బొగ్గు లేదని నాకు నీ రెండో ఉత్తరానికే తెలుసు. టీచరమ్మా నేనూ కడుపు పట్టుకుని నవ్వుకున్నాం. గడ్డి కోసం మేకల్ని ఆపండర్రా అని నాకు ముందున్న పెద్దలందరూ మొత్తుకున్నారు, అందరినీ పదవి నుంచి దించేశారు. గడ్డి అంటే వినరు, బొగ్గంటే నిద్ర మాని కాపలా కాస్తారు. నువ్వు నిజం చెప్పావంటే సాయంత్రానికి మేకలన్నీ గుట్టెక్కుతాయి. వచ్చి, మట్టి తీసి, కళ్లజోడు సర్దుకుని, గంభీరంగా తల ఊపి, మా మెస్కాల్ సారా తాగి వెళ్లు.
నీ పిన్నమ్మ అనుకో,
ఫిలెమోనా
తా.క. "వాళ్లకుంటే మనకెందుకుండదు" అని సాన్ బ్లాస్ వాళ్లూ తమ గుట్టకు కంచె వేసి మేకల్ని తోలేశారు. నీకు ఉత్తరం రాస్తారట. బొగ్గు లేదని గట్టిగా చెప్పు.