నీ కాసులపేరు

చెల్లీ,

అక్కడ అమ్మకి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? నాన్నకి దగ్గు రావట్లేదు కదా? నీ ఆయాసం ఎలా ఉందే?

మా రొయ్యల చెరువు కోసం తాకట్టు పెట్టుకోమని నువ్విచ్చిన కాసులపేరు మొన్న బ్యాంకు నుంచి విడిపించాం. "మన మధ్య కాగితమేంటక్కా" అని నువ్వు కసిరావు. నేనూ ఎవరికీ చెప్పలేదు. బ్యాంకులో నా పేరే ఉంది. కోడలు మెడలో వేసుకుని, "మీ నగ భలే ఉందండి అత్తయ్యగారూ!" అంది.

"అది మా చెల్లిది, దాని కూతురికివ్వాలి" అన్నాను.

"రుజువేదమ్మా?" అన్నాడు మా అబ్బాయి.

"బతికున్నాను కదరా, నేనే రుజువు."

కోడలు తీసి నా చేతిలో పెట్టింది. నీ వెనకే నేనూ పోయుంటే నీ పిల్లకేం దక్కేది?

నగ అందినట్టు దానిచేత కాగితం మీద సంతకం పెట్టించుకుంటాను, కోప్పడకు. గురువారం పొద్దున్నే మొదటి బస్సుకి పాలకొల్లులో మీ ఇంటికి వస్తున్నాను.