తల్లి ఇస్తే ముట్టదట

12 సెప్టెంబర్ 2019, గురువారం

కాలనీ వినాయకుడిని సాగనంపారు. పక్కింటి మంజుల లడ్డూ ముక్క తెచ్చి ఇచ్చింది. వద్దంటే బాగుండదని తీసుకున్నాను. తినలేదు, పారెయ్యనూ లేదు. సాయంత్రానికి చీమలు పట్టాయి. ఈ కాలనీలో కాథలిక్ ఇల్లు నాదొక్కటే. ఇట్లాంటప్పుడు ఏం చేయాలని అడగడానికి కూడా మనిషి లేడు.

15 సెప్టెంబర్, ఆదివారం

ఫాదర్ ప్రతి ఆదివారం రారు. రానప్పుడు గుడిలో ప్రార్థన నేనే నడిపిస్తాను. ఉన్న కొద్ది కుటుంబాల్లో సగం కీబోర్డు, డ్రమ్స్ పెట్టిన కొత్త చర్చికి మళ్ళాయి. నాది ఆర్టీసీ కండక్టర్ గొంతు. హయత్‌నగర్, హయత్‌నగర్ అని అరిచీ అరిచీ బొంగురుపోయింది. నువ్వు కీర్తన చదువుతుంటే దిగేటోళ్ళు ముందుకు జరగండి అన్నట్టే ఉంటది అని తెరేసా నవ్వేది. నా భార్య. పోయిన వానాకాలం జ్వరంతో దవాఖానలో చేరి తిరిగి రాలేదు. పిల్లలు లేరు.

ఇవాళ ప్రార్థనలో పక్కవాళ్ళకు దండం పెట్టి సమాధానం, అంటే శాంతి, చెప్పుకునే చోట నా దగ్గర్లో ఎవరూ లేరు. వెనక బెంచీ దాకా నడిచి వెళ్ళి కాశమ్మకు దండం పెట్టి వచ్చాను. కాశమ్మ గుడి ఊడుస్తుంది, ఊళ్ళ మీద ఆకుకూరలు అమ్ముతుంది. నేను అంత దూరం నడిచి వచ్చినందుకు ఆమె సిగ్గుపడింది.

22 సెప్టెంబర్, ఆదివారం

మా అత్తమ్మ నాగులమ్మ వచ్చింది. యాచారం దిక్కు ఊరి నుంచి, ముందు చెప్పకుండా, సంచీలో కాకరకాయలతో. బిడ్డ పోయాక ఈ గడప తొక్కడం అరుదు.

నీళ్ళు తాగి సంగతి చెప్పింది. వచ్చే శనివారం పెత్రమాస. బిడ్డ పోయి ఏడాది దాటింది, ఇగ బియ్యం ఇయ్యాలె అంది. ఆ రోజు పోయినవాళ్ళ పేరు చెప్పి పూజారి అయ్యగారికి బియ్యం, పప్పు, గుమ్మడికాయ, ఇంట్లో ఉన్న కూరగాయలు ఇస్తారు. వాళ్ళ లెక్కలో అది చనిపోయినవాళ్ళకు అన్నం పెట్టడమే. ఇవ్వాలనుకుంటే నువ్వే ఇవ్వు, నన్నెందుకు అడుగుతావన్నాను. నేనిస్తే ముట్టది కొడుకా అంది. లగ్గమైనంక ఆడిపిల్ల అత్తగారింటి మనిషి, మొగని చెయ్యే ఇయ్యాలె, తల్లి ఇస్తే గాలికి పోతది అంది. అందరి ఇండ్లల్ల పోయినోళ్ళు తింటరు, నా స్వప్న ఒక్కతే ఆకలితోని కూసోవాల్నా అని అడిగింది.

నాకు కోపం వచ్చింది. ఆమె స్వప్న కాదు, తెరేసా అన్నాను. జ్ఞానస్నానం తీసుకుంది, క్రైస్తవురాలిగా పోయింది, ఆత్మలకు బియ్యం అక్కర్లేదు అన్నాను. ఇంకా చాలా చెప్పాను. బస్సులో ఫుట్‌బోర్డు మీద నిలబడ్డవాళ్ళతో మాట్లాడే గొంతు వచ్చేసింది. అత్తమ్మ లేచి, కాకరకాయలు బల్ల మీద గుమ్మరించి, గా పేరు నాకు నోరు తిరగది అంది. పోయొస్తానని చెప్పకుండానే వెళ్ళింది.

జ్ఞానస్నానం రోజు నుంచి నేను తెరేసా అనే పిలిచాను. కాగితాల్లో మాత్రం పాత పేరే ఉండిపోయింది. దవాఖానలో నర్సు వచ్చి స్వప్న పేషెంట్ తాలూకు ఎవరని అడిగితే, నన్నేనని అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

28 సెప్టెంబర్, శనివారం

పెత్రమాస. మొదటి ట్రిప్పు నుంచి బస్సు నిండా గుమ్మడికాయలు, గోంగూర కట్టలు, తంగేడు పూలు. సాయంత్రం బతుకమ్మ కూడా ఇవాళే మొదలు.

అత్తమ్మ ఊరి స్టేజీలో బస్సు ఆగింది. ఆమె అక్కడే అరుగు మీద కూర్చుని ఉంది. చేతిలో సంచీ లేదు, ఎక్కడికో పోయేదాని లాగా లేదు. నేను మెట్టు మీదే నిలబడి ఉన్నాను. ఆమె తల ఎత్తలేదు. డ్రైవర్ పరశురాం గామె ఎవలన్నా అని అడిగాడు. రైట్ రైట్ అన్నాను.

కొత్త చర్చివాళ్ళు మమ్మల్ని వెక్కిరిస్తారు, చచ్చినోళ్ళ కోసం ప్రార్థన ఏందని. వాళ్ళకు జవాబు చెప్పడం నాకు బాగా వచ్చు. ప్రేమ మట్టితో ఆగిపోదని, పోయినవాళ్ళకు మన తోడు కావాలని చెప్తాను. మరి అత్తమ్మ దగ్గర నేను ఆ వెక్కిరించేవాళ్ళ మాటలే ఎందుకు మాట్లాడాను? విగ్రహాలకు దణ్ణం పెట్టమని అడగలేదు ఆమె. బిడ్డకు అన్నం పెట్టమంది.

అయినా ఇవ్వలేను. ఇస్తే నేనెవర్ని?

1 అక్టోబర్, మంగళవారం

నా భార్యకు పేరిచ్చిన పునీతురాలు చిన్న తెరేసమ్మ పండుగ. ఆ అమ్మ ఫోటో ముందు గులాబీలు పెట్టాను. ఒక్కడికి సరిపడా పాయసం వండడం నాకింకా రావడం లేదు.

6 అక్టోబర్, ఆదివారం

మా ఆర్టీసీ సమ్మె నిన్న మొదలైంది. డిపో ముందు టెంటు వేశారు. ఇవాళ సద్దుల బతుకమ్మ. లేడీ కండక్టర్లు బతుకమ్మను తెచ్చి టెంటు ముందే పెట్టి ఆడారు. పాటలో డిమాండ్లు కలిపి పాడుతుంటే అందరూ నవ్వారు. తెరేసా ఉంటే వచ్చి ఆడేది. ఆమె ఆడుతుంటే నేను దూరంగా చెప్పుల దగ్గర నిలబడేవాణ్ణి, పాట నచ్చినా తల ఊపకుండా.

20 అక్టోబర్, ఆదివారం

టెంటులో సర్వమత ప్రార్థన పెట్టారు. ఒక అయ్యగారు, మసీదు నుంచి ఒక పెద్దాయన, క్రైస్తవుల తరఫున నేను. పరశురాం వచ్చి, అన్న, మీ యేసుకు జర గట్టిగ చెప్పు అన్నాడు. మైకు చేతికిచ్చారు. పరలోక జపం చెప్పి దిగాను. చప్పట్లు కొట్టారు. ఫోటోగ్రాఫర్ మా ముగ్గురి చేతులూ కలిపి పైకెత్తమన్నాడు.

ఇన్నేళ్ళ సర్వీసులో నువ్వు ఏ గుడికి పోతావు, అక్కడేం చేస్తారని డిపోలో ఎవరూ అడగలేదు. ముగ్గురు కావాలన్నప్పుడు మాత్రం నేను గుర్తొస్తాను. తప్పు వాళ్ళది కాదు. నేనైనా ఎవరినీ ఏమీ అడగలేదు. ఆదిభట్ల సాఫ్ట్‌వేర్ కంపెనీ బస్సులు అద్దాలు మూసుకుని టెంటు ముందు నుంచే పోతున్నాయి. లోపలి పిల్లలు ఫోన్లు చూసుకుంటున్నారు. మేమెందుకు కూర్చున్నామో వాళ్ళకు ఎవరు చెప్పాలి.

1 నవంబర్, శుక్రవారం

రేపు సమాధుల పండుగ. ఫాదర్ పూజ చేసి, సమాధులన్నీ దీవిస్తారు. పోయినసారి నేనొక్కణ్ణే వెళ్ళాను. అత్తమ్మకు చెప్పాలని తట్టలేదు. ఈసారి తట్టింది, ఫోన్ చేయలేదు.

సాయంత్రం సమాధి ఒకసారి చూసి వచ్చాను. పక్క పొలమంతా వెంచర్ అయింది. ప్లాట్లు కొనేవాళ్ళకు సిలువలు కనపడకూడదని ఎత్తుగా గోడ లేపారు. దాని నీడ సరిగ్గా తెరేసా మీద పడుతోంది. సున్నం పెచ్చులుగా ఊడింది, గడ్డి మొలిచింది. పొద్దున్నే వచ్చి బాగు చేయాలి.

2 నవంబర్, శనివారం, అన్నం తిన్నాక

పొద్దున సున్నం డబ్బా, కొవ్వొత్తులు తీసుకుని బయలుదేరాను. దారిలో టెంటు దగ్గర ఒకసారి కనిపించి పోదామనుకున్నాను. అదే పొరపాటు. పోలీసులు అందరినీ వ్యాన్ ఎక్కించి ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టారు. ముందుజాగ్రత్త అన్నారు. సమాధి దగ్గరికి పోవాలి సార్ అన్నాను. ఎవరు పోయారని ఎస్సై అడిగారు. భార్య అంటే పాపం లేచి నిలబడ్డారు. ఎప్పుడన్నారు. పోయిన ఏడాది అంటే మళ్ళీ కూర్చున్నారు. దేవుడు అర్థం చేసుకుంటడు తియ్యన్నా అన్నాడు పరశురాం. దేవుడి గురించి నాకు ఫికర్ లేదు. పూజలో పోయినవాళ్ళ పేర్లు చదివేది నేనే. నేను లేకపోతే ఆమె పేరు ఎవరు చెప్తారన్నదే నా బాధ. సున్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని పొద్దంతా కూర్చున్నాను.

పొద్దు వాలుతుంటే వదిలారు. పరుగులాంటి నడకతో పోయాను. జనం వెళ్ళిపోయారు. అక్కడక్కడ కొవ్వొత్తులు ఆరిపోతున్నాయి. ఆమె ఒక్కతే చీకట్లో ఉండి ఉంటుందనుకుంటూ గోడ పక్కకు వెళ్ళాను.

సమాధికి తెల్లగా సున్నం వేసి ఉంది. చుట్టూ బంతిపూలు. తలవైపు కొవ్వొత్తులు, కాళ్ళవైపు మట్టి ప్రమిద. విస్తరాకులో అన్నం, పప్పు, గుమ్మడికాయ కూర, పక్కన గ్లాసులో చాయ్. వెంచర్ గోడకు ఆనుకుని అత్తమ్మ కూర్చుని ఉంది.

కాశమ్మ ఆకుకూరలు అమ్మడానికి అత్తమ్మ ఊరు పోయినప్పుడు మాటల్లో చెప్పిందట, సమాధుల పండుగ నాడు ఎవలైనా రావచ్చు, తల్లయినా దోస్తయినా అని. అత్తమ్మ పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని నడిచింది. బస్సులు ప్రైవేటు డ్రైవర్లతో తిరుగుతూనే ఉన్నాయి, స్టేజీలో ఒకటి ఆగింది కూడా. నా అల్లుడు టెంట్ల కూసున్నడు, గా బస్సు నేనెట్ల ఎక్కుత అంది. పాదాలు బొబ్బలెక్కి ఉన్నాయి.

ఫాదర్ సమాధులన్నీ దీవిస్తూ వచ్చి పేరడిగితే స్వప్న అని చెప్పిందట. తర్వాత వెనకే పోయి, ఇంకో పేరు గూడ ఉన్నది సారూ, మీ గుళ్ళె గులాబీ పూలు పట్టుకున్న అమ్మ పేరే అందట. ఆయన తిరిగి వచ్చి రెండు పేర్లతోనూ ప్రార్థన చేశారట.

మీ దాంట్ల తల్లి ఇచ్చినా ముడుతదట గద కొడుకా, నువ్వెందుకు చెప్పలె అంది.

తిట్టినా బాగుండేది. నేను ఆ సున్నం మీదే తల పెట్టి ఏడ్చాను. దవాఖానలో కూడా అట్లా ఏడవలేదు. ఆమె ఏడవలేదు. విస్తరి నా ముందుకు జరిపి, బిడ్డ తిన్నది, ఇగ నువ్వు తిను అంది. తిన్నాను. చల్లారిన చాయ్ కూడా తాగాను.

ఇవాళ ఇక్కడే ఉంది. ముందు గదిలో పడుకుంది. పడుకునే ముందు తెరేసమ్మ, తెరేసమ్మ అని నోట్లో అనుకుంటుంటే విన్నాను. తిరగదన్న నోరు బాగానే తిరిగింది. ఇంట్లో ఇంకో మనిషి దగ్గు వినిపించి చాలా కాలమైంది.

17 నవంబర్, ఆదివారం

పెత్రమాస బియ్యం ఇవ్వొచ్చా అని ఫాదర్‌ని అడిగాను. భార్య పేరున ఒకరికి అన్నం పెడితే తప్పేముంది అన్నారు. అయ్యగారికి ఇచ్చేది అన్నాను. అయితే ఆలోచించాలి అన్నారు. ఆయన ఆలోచిస్తున్నారు.

30 నవంబర్, శనివారం

సమ్మె అయిపోయింది. డ్యూటీ ఎక్కాను. అత్తమ్మ తన స్టేజీలో నా బస్సు ఎక్కి ముందు సీట్లో కూర్చుంది. ఏం పని మీద అంటే, ఏం లేదు, ఎక్కుదామని ఎక్కిన అంది.

17 సెప్టెంబర్ 2020, గురువారం

పెత్రమాస. ఫాదర్ ఇంకా ఏమీ చెప్పలేదు. అత్తమ్మ ఊరు వచ్చాను. తలస్నానం చేసి విస్తరి పట్టుకుని నిలబడ్డాను. బియ్యం మీద బొటనవేలితో సిలువ గుర్తు వేశాను, చేతికి అలవాటు. అయ్యగారు చూసి, గోత్రం అడిగారు. లేదన్నాను. మాస్కులోంచి వినపడలేదేమో, పోయినామె పేరు చెప్పు అన్నారు.

తెరేసమ్మ అని అత్తమ్మ వెనక నుంచి అందించింది.

స్వప్న, అన్నాను.