నాచారం దవాఖానా తాళం

భూషణం మామయ్యకు,

నాచారంలో కార్మికులు చందాలేసుకుని కట్టుకున్న దవాఖానా ఎందుకు మూతపడిందో మా పేపర్లో రాస్తున్నాను. నిన్న రిజిస్ట్రేషన్ ఆఫీసులో కాగితాలు దొరికాయి. మీరు చెప్పే కోర్టు కేసేమీ లేదు. ఇరవై రెండేళ్ల కిందటే దవాఖానాను అమ్మేశారు. అమ్మకం కాగితం కింద యూనియన్ కార్యదర్శిగా మీ సంతకం ఉంది.

ఫోర్జరీ అనుకోలేను. నాన్న పోయాక నా ప్రోగ్రెస్ కార్డులన్నిటి మీదా ఉన్నది ఆ సంతకమే.

మీతో పనిచేసిన సూర్యకళమ్మ దవాఖానా గేటు దగ్గర కలిసింది. "కేసు మనమే గెలుస్తమని మీ మామ ఏటేటా జెప్తుండు. నువ్వు పేపరోనివి గద బిడ్డా, గా తాళం ఎప్పుడు దీస్తరో జర సూడు" అంది.

శనివారం చిల్కానగర్ వస్తాను. మీరు చెప్పేది చెప్పినట్టే రాస్తాను. మీ పేరు మాత్రం తీసేయలేను. అత్తయ్య పేపర్లో చూడకముందే మీరే చెప్పండి.

మీ మేనల్లుడు