పిట్ట ముట్టిన రోజు

9 సెప్టెంబర్ 2025, మంగళవారం

రోజువారీ డైరీ వేరే ఉంది. పాల ప్యాకెట్ ఎన్నింటికి వచ్చింది, కరెంటు ఎన్నింటికి పోయింది, మనవరాలు నిషిత కాలేజీ బస్సు ఎన్ని నిమిషాలు లేటు, అన్నీ దానిలోనే రాస్తాను. ఉద్యోగంలో చేరిన ఏడు మొదలుపెట్టాను. నలభై రెండేళ్లు. ఒక్క పేజీ ఖాళీ లేదు. ఈ రోజు జరిగింది ఆ గీతల మధ్య పట్టదు. అందుకని నిషిత సగం వాడి పడేసిన రికార్డు పుస్తకం తీసుకున్నాను.

ఉదయం 10.20కి ఒక అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. ఇరవై ఒకటి ఉంటాయేమో. హెల్మెట్ తీసి చేతిలోనే పట్టుకుంది. గేటు దాటి రాలేదు. పేరు రవళి, యాదన్న బిడ్డనని చెప్పింది.

యాదన్న నా కొడుకు చంద్రకాంత్ కింద ఆపరేటర్‌గా చేసినవాడు. అంతకు ముందు బడిలో యాదగిరిగా నా దగ్గర లెక్కలు చదువుకున్నవాడు. ఆరేళ్ల కింద కంపెనీలో రియాక్టర్ పేలి చంద్రకాంత్ పోయాడు. తప్పు యాదన్నదన్నారు. నేను అతన్ని అందరి ముందు క్షమించాను. పటాన్‌చెరు నుంచి బొంతపల్లి దాకా ఆ సంగతి తెలియనివాళ్లు లేరు.

నీళ్లు తాగమన్నాను. వద్దంది. "మేడం, మా నాయినను మాఫ్ చేసిండ్రు గద, అది వాపస్ తీస్కోండ్రి" అంది.

సరిగా వినలేదనుకుని మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పింది. ఏదో కంపెనీలో ల్యాబ్ ట్రైనీగా సెలెక్ట్ అయిందట. చివరి సంతకం పెట్టే మేనేజర్ తండ్రి పేరు చూసి "మాఫీ యాదన్న బిడ్డవా?" అని నవ్వి కాగితం పక్కన పెట్టాడట. ఈ నెల ముప్పై దాటితే ఆ బ్యాచ్ అయిపోతుంది. వాళ్లుండే కొల్లూరు కాలనీలో పోరగాళ్లు కూడా యాదన్నను మాఫీ అనే పిలుస్తారట.

క్షమించడం తప్పా అని అడిగాను. క్లాసులో అడిగినట్టే అడిగాను.

"తప్పు చేసినోన్నే గద మాఫ్ చేస్తరు మేడం. మీరు చేసిండ్రు గాబట్టి మా నాయిన తప్పు చేసినట్టయింది. ఆ దినం ఒక్క మాట అడిగిండ్రా ఆయనను?"

ఇంటికి పొమ్మన్నాను. 10.31కి వెళ్లింది.

10 సెప్టెంబర్

చంద్రకాంత్ పోయిన మూడో రోజు సంగతి. 2019 జూన్ 16, ఆదివారం. మాకు మిగిలిన ఎకరంలో, కంపెనీ ప్రహరీ పక్కన, పిట్టకు పెట్టాం. పోయినవాడికి ఇష్టమైనవి విస్తట్లో పెట్టి దూరంగా నిలబడతాం. పిట్ట ముడితే అతనికి ఏ కోరికా మిగల్లేదని. ముట్టకపోతే ఏదో మిగిలిందని.

9.10కి పెట్టాం. కాకులు గోడ మీద వరసగా కూర్చున్నాయి, ఒక్కటీ దిగలేదు. ఒకరు "నిషితను మంచిగ చూసుకుంటం" అని మొక్కారు. ఇంకొకరు "నీ బండి అమ్మం" అన్నారు. దిగలేదు. 10.20 అయింది. ఎండ. కంపెనీవాళ్లు తెల్ల కారులో కూర్చుని ఉన్నారు. అప్పుడు మా మరిది పోచయ్య బాట వైపు చూపించాడు. యాదన్న ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఎవరూ రమ్మనలేదు.

నేను గట్టు మీద ఉన్నాను, అతను కింద. నోరు తెరవబోయాడు. నేనే ముందు అన్నాను: "యాదన్నా, నిన్ను మాఫ్ చేసిన. నా కొడుకు పేరు మీద మాఫ్ చేసిన. ఇగ పో."

10.27కి కాకి దిగి ముద్ద ముట్టింది.

ఆడవాళ్లు ఏడ్చారు. ఎంత పెద్ద మనసు అన్నారు. తప్పు అతనిదేనని చంద్రకాంత్ కూడా ఒప్పుకున్నట్టే అనుకున్నారు. నిజం రాయాలి. ఆ క్షణాన నాకు దుఃఖం లేదు. ఎత్తున నిలబడ్డట్టు ఉంది.

ఇంకొకటి కూడా ఇప్పుడు కళ్ల ముందుకు వస్తోంది. అతని కుడి చెయ్యి చొక్కా ఎడమ జేబులో ఉంది. గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడనుకున్నాను. గుండె మీద కాదు. జేబులోనే.

11 సెప్టెంబర్

సాయంత్రం 4.41కి గడియారం చూశాను. ఆరేళ్లుగా రోజూ చూస్తున్నాను.

13 సెప్టెంబర్, శనివారం

కొల్లూరు వెళ్లాను. తొమ్మిదో అంతస్తు. వరండా ముందు కాకులు మనిషి ముఖం ఎత్తున ఎగురుతున్నాయి.

తలుపు తీసింది యాదన్న భార్య మొగులమ్మ. "మళ్లా దేనికి మాఫ్ చేస్తందుకు వచ్చిండ్రు టీచరమ్మా? ఈ మాటు నా వంతా?" అంది. అయినా కుర్చీ తుడిచి వేసింది.

యాదన్న మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు. నలభై మూడేళ్లు. అరవై అనుకుంటారు. తెల్లాపూర్‌లో అపార్టుమెంట్ల దగ్గర వాచ్‌మన్ పని. కూర్చోమంటే కూర్చోలేదు. రవళి వచ్చిన సంగతి అతనికి తెలియదు, నేనే చెప్పాను. "దానికి తెలివి లేదు టీచర్, మనసుల పెట్టుకోకుండ్రి" అన్నాడు.

ఆ రోజు ఏం జరిగిందని అడిగాను. ఆరేళ్లు ఆలస్యంగా. చెప్పలేదు. చెప్పింది మొగులమ్మ, వంటగదిలో నుంచే, గిన్నెలు కడుగుతూ. డ్రమ్ములో నుంచి సాల్వెంట్ పోసేముందు డ్రమ్ముకు భూమి వైరు క్లిప్పు పెట్టాలి, లేకపోతే నిప్పురవ్వ పుట్టి అంటుకుంటుంది. ఆ రోజు క్లిప్పు విరిగి ఉంది. కొత్తది తేవడానికి ఇతను స్టోరుకు వెళ్లాడు. స్టోరు గేటు దగ్గర, ఆ చివర. ఇతను తెచ్చేలోగా సారు పోశాడు.

సారు అంటే చంద్రకాంత్.

మొగులమ్మ చేతులు తుడుచుకుని ఆధార్ కార్డుల కవరులో నుంచి ఒక చీటీ తెచ్చి నా ముందు పట్టింది. స్టోర్స్ చీటీ. ఎర్తింగ్ క్లిప్పు, ఒకటి. ఇచ్చిన సమయం 4.36. నేను అంకెలు చూశాను. యాదన్న "లోపల పెట్టు" అన్నాడు. ఆమె పెట్టేసింది.

ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మాఫ్ అయినోడు ఏం మాట్లాడ్తడు టీచర్. నోరు తెరిస్తె చేసిన మేలు, ఎహసాన్ మరిచిండు అంటరు."

మూడో రోజు సాయంత్రమే తెల్ల కారువాళ్లు ఇంటికి వచ్చారట. తల్లే మాఫ్ చేసింది, నువ్వు ఒప్పుకుని సంతకం పెడితే కేసు ఉండదు అన్నారట. పెట్టాడు. నెల తిరక్కముందే కొలువు పోయింది.

క్షమాపణ అడగడానికి నేను ఇంకా మాటలు వెతుక్కుంటున్నాను. అతనే ముందు అన్నాడు: "పోనీయుండ్రి టీచర్. కొడుకు పోయిన దుఃఖంల అన్నరు. నేను ఎన్నడో మరిచిపోయిన. మీరు తొమ్మిదో తరగతిల గూడ గట్లనే అన్నరు గద." చిన్నగా నవ్వాడు.

ఏమన్నానని అడిగాను. ఎవరిదో కంపాస్ బాక్స్ పోయిందట. నేను ఎవరినీ అడగకుండా "పోనీలే యాదగిరీ, ఈసారికి క్షమించాను, కూర్చో" అన్నానట. మర్నాడు ఆ బాక్స్ పోయిందన్న పిల్లవాడి ఇంట్లోనే దొరికిందట.

బస్సులో చెవులు వేడెక్కిపోయాయి. నేను అడగకముందే క్షమించాడు. నేను నోరు తెరవకముందే. ఎట్లా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. చెంప మీద కొట్టినా ఇంతకంటే మర్యాదగా ఉండేది.

రాత్రి 8.15

అతను తొమ్మిదిలో ఉన్న 1996 డైరీ మొత్తం తిరగేశాను. కంపాస్ బాక్స్ లేదు. ఎండలు ఉన్నాయి. యూనిట్ టెస్ట్ సగటు ఉంది.

14 సెప్టెంబర్, ఆదివారం

2019 డైరీ తీశాను. జూన్ 14, శుక్రవారం. నా చేతిరాత: "4.41 పెద్ద శబ్దం. కిటికీ అద్దాలు అదిరాయి. కంపెనీ వైపు పొగ." ఆ రోజు ఇంకేమీ రాయలేదు.

తర్వాత ట్రంకు పెట్టె అడుగు నుంచి కంపెనీ ఇచ్చిన రిపోర్టు తీశాను. కవరు అంటించినది అంటించినట్టే ఉంది. క్షమించినదాన్ని, ఇంక చదవడం ఎందుకనుకున్నాను అప్పుడు. పిల్లల మార్కులు మూడుసార్లు కూడిన మనిషిని, ఇది ఒక్కసారి కూడా చూడలేదు.

రిపోర్టు ప్రకారం ప్రమాదం 4.25కి. ఆపరేటర్ క్లిప్పు పెట్టకుండా సాల్వెంట్ పోశాడు. షిఫ్ట్ ఇన్‌చార్జ్, అంటే చంద్రకాంత్, ఆపడానికి వెళ్లి ప్రాణాలు కోల్పోయాడు. ఆపరేటర్ చూపించిన స్టోర్స్ చీటీలో సమయం 4.36, అంటే క్లిప్పు తీసుకున్నది ప్రమాదం తర్వాత కాబట్టి చెల్లదు.

4.25 అయితే చీటీ అబద్ధం. 4.41 అయితే చీటీ నిజం, యాదన్న అప్పుడు స్టోరు దారిలో ఉన్నాడు. అతనికి కావలసిన ఒక్క అంకె ఆరేళ్లు నా బీరువాలో ఉంది.

కోడలు వనజకు చూపించాను. చంద్రకాంత్ పోయాక అదే కంపెనీ ఆఫీసులో ఉద్యోగం ఇచ్చారు తనకు. సేఫ్టీ దినం నాడు గేటు దగ్గర చంద్రకాంత్ ఫోటోకు ఏటా దండ వేసేదీ తనే. "కొలువు సంగతి అంటలేను అత్తమ్మా. ఆయన పేరే మిగిలింది మనకు. అది గూడ పోతది" అంది.

డైరీ మూసి మళ్లీ బీరువాలో పెట్టాను.

15 సెప్టెంబర్

ఏమీ చేయలేదు.

18 సెప్టెంబర్, గురువారం

మూడు రోజులుగా ఒక కాకి వంటింటి గోడ మీద వాలుతోంది. 6.10కి వస్తుంది. అన్నం పెడితే తినదు. నన్నే చూస్తుంది. అన్ని కాకులూ ఒకలాగే ఉంటాయని నాకు తెలుసు. తెలిసినా కిటికీ వేశాను.

నిషిత అంతా వినేసింది. దానికి పదహారు. నాన్న గురించి విన్నాక ఏడుస్తుందనుకున్నాను. ఏడ్చింది కూడా, బాత్‌రూమ్‌లో, నల్లా తిప్పి. బయటికి వచ్చి "నానమ్మా, నువ్వు ఆయన్ని ఫర్‌గివ్ చెయ్యలే. మ్యూట్ చేసినవ్" అంది.

తిట్టాను. తర్వాత ఆ మాట ఇక్కడ రాసుకున్నాను.

20 సెప్టెంబర్

రేపు పెత్రమాస. పెద్దలకు పెట్టే రోజు. అదే ఎకరంలో, అదే మనుషుల ముందు. వనజ వద్దనలేదు. సరేననీ అనలేదు. చామగడ్డలు మాత్రం ఉడకబెట్టింది, చంద్రకాంత్‌కు పులుసు ఇష్టమని.

రవళికి నిషిత ఫోన్ చేసింది. యాదన్న వస్తాడో రాడో తెలియదంది.

21 సెప్టెంబర్, ఆదివారం

వచ్చాడు. అదే బాట మీద, అదే చోట నిలబడ్డాడు. వెనక రవళి, మొగులమ్మ.

9.05కి విస్తరి పెట్టాం. నేను గట్టు దిగి బాట మీదికి వెళ్లాను. పోచయ్య "ఎటు పోతున్నవు వదినె, పిట్ట రాకముందుకే" అన్నాడు. పిట్ట పని పిట్ట చూసుకుంటుందన్నాను.

రిపోర్టు చదివాను. నా డైరీలో జూన్ 14 చదివాను. చీటీలో సమయం చెప్పాను. క్లిప్పు లేకుండా పోసింది నా కొడుకని చెప్పాను. ఆ వాక్యం రెండోసారి చెప్పాల్సి వచ్చింది. ఆరేళ్ల కింద ఇక్కడ నేను చేసిన క్షమకు నాకు హక్కు లేదని, అది తీర్పు అని, విచారణ లేని తీర్పు అని చెప్పాను.

పోచయ్యకు కోపం వచ్చింది. "సచ్చినోని మీద నింద ఏస్తున్నవా? మాఫ్ జేసినవు, నలుగుట్ల గొప్పదానివనిపించుకున్నవు. గట్లనే ఉండరాదు?" అన్నాడు. గొప్పదాన్ననిపించుకున్నది నిజమే, దాని గురించే చెప్తున్నానన్నాను. ఇద్దరు ముగ్గురు లేచి వెళ్లిపోయారు. వనజ వెళ్లలేదు.

తర్వాత యాదన్నను అడిగాను: "ఆ దినం ఏం చెప్పనీకి వచ్చినవో చెప్పు. నేను మాట్లాడ."

నేను గడియారం చూడలేదు. అతను ఇట్లా చెప్పాడు.

"క్లిప్పు ఇరిగింది, ఆగుదం సార్ అన్న. బ్యాచ్ లేటైతుంది, నువ్వు ఉరికి స్టోర్ల తే, గప్పటిదాక ఆగుత అన్నడు. చీటి రాసిచ్చిండు. సగం తొవ్వల ఉన్న, శబ్దమయింది. నన్ను పంపకుంటె ఇద్దరం పోతుంటిమి. సారు ఆగకపోవుడు నాకు తెల్వదు ఎందుకో. నన్ను పంపుడు మాత్రం ఎరుకే. గందుకే బతికున్న. గది మీకు చెప్దమని వచ్చిన టీచర్. ఇది ఇద్దమని గూడ."

చొక్కా ఎడమ జేబులో నుంచి చీటీ తీసి నా చేతిలో పెట్టాడు. కింద సంతకం చంద్రకాంత్‌ది. చ మీద గీత పొడుగ్గా సాగదీసి, నేను ఎన్నిసార్లు దిద్దినా మారని సంతకం. వాడు ఆఖరున పెట్టినది.

కొల్లూరులో అది నా కళ్ల ముందే ఉంది. నేను అంకెలే చూశాను.

నా కొడుకు గురించి నాకు మిగిలిన ఒక మంచి మాట, వాడి చేతిరాత, ఆ రోజు ఈ మనిషి జేబులో పెట్టుకుని వచ్చాడు. నేను మాఫ్ చేసి పంపించేశాను.

22 సెప్టెంబర్, సాయంత్రం 4.41

1. 2019 డైరీ, రిపోర్టు, చీటీ మూడూ జిరాక్స్ తీయించి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో ఇవ్వాలి. రసీదు తీసుకోవాలి.

2. ముప్పై లోపు రవళితో ఆ మేనేజర్ దగ్గరికి వెళ్లాలి. మాట్లాడేది రవళి. నన్ను అడిగితే టైములు మాత్రం చెప్పాలి.

3. గేటు దగ్గరి ఫోటో ఉంచాలా తీయాలా, వనజే నిర్ణయించాలి. నేను సలహా ఇవ్వకూడదు.

4. చీటీ అసలు యాదన్నకు తిరిగి ఇవ్వాలి. అది అతని సాక్ష్యం. సంతకం చూసుకోవడానికి నాకు జిరాక్స్ చాలు.

5. యాదన్న నన్ను క్షమించానంటే కాదనకూడదు. సరేననీ అనకూడదు. వినాలి.

6. విస్తరి ఇంకా పొలంలోనే ఉంది. నిషిత చూసి వచ్చింది, ఏ పిట్టా ముట్టలేదట. తీయవద్దు.